చార్టమ్మ అరగంట

“నీ ఇష్టం. నువ్వు ఎక్కడికంటే అక్కడికే వెళ్దాం,” అన్నాడు భర్త, సాక్సులు విప్పి సోఫా కిందకి తోస్తూ.

వినేవాళ్ళకి ఎంత ముచ్చటగా ఉంటుందో ఆ మాట. పెళ్ళాం ఇష్టానికి ఇంత విలువిచ్చే మగవాడు నూటికి ఒకడైనా ఉంటాడా అని పక్కింటివాళ్ళు కుళ్ళుకున్నా కుళ్ళుకుంటారు. ఆ ఇంట్లో ఆ మాటకి అర్థం మాత్రం ఆమె ఒక్కదానికే తెలుసు. ఏ సముద్రమో నువ్వే వెతుకు, ఎలా వెళ్ళాలో నువ్వే కనుక్కో, ఏమేం పట్టుకెళ్ళాలో నువ్వే సర్దు. తీరా వెళ్ళాక ఎండ మండినా, పిల్ల ఏడ్చినా, ‘అసలీ చోటు ఎవరు చూశారు’ అని ఎవరైనా అంటే తల వంచుకోవలసిందీ నువ్వే. ఇంత పెద్ద సంగతిని రెండు ముక్కల్లో తేల్చేసి చేతులు దులుపుకోవడం అతనికి బాగా వచ్చు. ఆమె వంగి సాక్సులు తీసి మాసిన బట్టల బుట్టలో వేసింది.

ఆస్పత్రిలో అందరూ ఆమెను చార్టమ్మ అంటారు. ఆరు వార్డులు, నలభై రెండు మంది నర్సులు, రోజుకు మూడు షిఫ్టులు. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉండాలో గళ్ళ కాగితం మీద పెన్సిలుతో రాసేది ఆమే. ఒకామెకి చంటిబిడ్డ, ఒకామెకి పరీక్షలు, ఫలానా ఇద్దరికి ఒకరంటే ఒకరికి గిట్టదు. ఇవన్నీ చూసుకుని, ఒక్క గడి ఖాళీ లేకుండా, ఏ ఒక్కరి మీదా రెండు షిఫ్టులు పడకుండా వేయాలి. చార్టు సవ్యంగా ఉన్నన్నాళ్ళు అసలు అలాంటిది ఒకటుందని కూడా ఎవరికీ గుర్తుండదు. ఒక నర్సు రాకపోతే మాత్రం తెల్లవారకుండానే ఆమె ఫోన్ మోగుతుంది. ఆఫీసు సూపరింటెండెంటు దాన్ని ‘గళ్ళు నింపే పని’ అంటాడు. చేరిన కొత్తలో ఆమె ఒక గడిలో ‘ఎవరో ఒకరు’ అని రాసి పంపితే, పెద్ద వార్డు హెడ్ నర్సు ఆ కాగితం పట్టుకుని కిందకి దిగి వచ్చింది. “ఎవరో ఒకరు అని రాశావంటే ఎవరూ రారు. మనిషిని రాయి,” అని చెప్పి వెళ్ళింది. చార్టమ్మ ఆ పొరపాటు మళ్ళీ చేయలేదు. ఇంట్లో మాత్రం ఎవరో ఒకరు అంటే ఆమే అని ఎవరూ రాయకుండానే అందరికీ తెలుసు.

సముద్రానికి వెళ్దామన్నది ఆరేళ్ళ పెద్దోడు. బడిలో ఎవడో వెళ్ళొచ్చి గవ్వలు చూపించాడట. మూడేళ్ళ చిట్టి దానికి వంత పాడింది. అత్తగారు కూడా, “తీసుకెళ్ళండి, పిల్లలు సరదా పడుతున్నారు,” అంది. అందరికీ సరదాగానే ఉంది. చార్టమ్మకీ ఉంది, కానీ ఆమె సరదా వేరు, దాన్ని ఆమె ఎవరితోనూ అనలేదు.

చిన్నప్పుడు మేనమామ ఆమెకి సముద్రంలో వెల్లకిలా తేలడం నేర్పాడు. వీపు కింద అరచెయ్యి పెట్టి, “ఒళ్ళు వదిలెయ్యవే, నీళ్ళే మోస్తాయి,” అనేవాడు. ఆమె ఒళ్ళు వదిలేసింది. నిజంగానే మోశాయి. చెవులు నీళ్ళలో మునిగేసరికి గట్టు మీది అరుపులన్నీ ఆగిపోయి, తన ఊపిరి మాత్రం తనకి వినబడింది. ఆ చప్పుడు ఆమెకి ఈమధ్య తరచుగా గుర్తొస్తోంది. పొద్దున్న టిఫిన్ డబ్బాలు కట్టేటప్పుడు, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి కునుకు తీసేటప్పుడు, ‘అమ్మా’ అని ఒకరు, ‘ఏమేవ్’ అని ఒకరు, ‘అమ్మాయ్’ అని ఒకరు ఒకేసారి మూడు గదుల్లోంచి పిలిచినప్పుడు. ఒక్క అరగంట అలా తేలితే చాలనుకునేది. ఇంతమందిని మోస్తున్న ఒంటిని ఒక్క అరగంట ఇంకేదైనా మోస్తే బాగుండును. ఆమె కోరికల్లా అంతే.

పోయిన ఏడాది కూడా వెళ్ళారు. అప్పుడు ఊరికి దగ్గరగా ఉన్న బీచ్‌కి. కారు దిగగానే భర్త పెద్దోణ్ణి భుజాన వేసుకుని నీళ్ళలోకి పరిగెత్తాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, “సంచి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా,” అన్నాడు. ఆమె ఉంది. అయిదు జతల చెప్పులు, మూడు ఫోన్లు, కారు తాళాలు, అందరి తువ్వాళ్ళు, చంకలో చిట్టి. మధ్యాహ్నం చిట్టి నీళ్ళ కోసం గోల చేస్తే ఎత్తుకుని అంచు దాకా వెళ్ళింది. ఒక పెద్ద అల వచ్చి ఆమెను నడుం దాకా తడిపి పోయింది. ఆ చల్లదనానికి ఆమె పైకే నవ్వింది. ఆ నవ్వు కాస్తా కారు దగ్గర పోయింది. పిల్లలకి మూడేసి జతలు, మొగుడికి రెండు, అత్తగారికి ఒకటి తెచ్చిన మనిషి తనకి ఒక్క జతా తెచ్చుకోలేదు. భర్త డిక్కీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి వెనక సీటు మీద పరిచి, “సీటు తడుస్తుంది, దీని మీద కూర్చో,” అన్నాడు. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నాడు. అలా గంటసేపు ప్లాస్టిక్ కవరు మీద, తడి బట్టల్లో, ఇసుక ఒరుసుకుంటుంటే చిట్టిని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఇంటికొచ్చింది. ఇంటికొచ్చాక ఫొటోలు చూశారు. నలభై ఫొటోల్లో ఆమె ఒక్కదాంట్లో ఉంది. అందులోనూ ఉన్నది ఆమె కాలు.

ఈసారి అందుకే పది రోజులు వెతికింది. ఊరి బీచ్‌లో నీడ లేదు, జనంలో పిల్లలు తప్పిపోతారు. రాళ్ళ వెనక ఉన్నది ప్రశాంతంగా ఉంటుంది కానీ రెండడుగులకే లోతు. మూడోది దూరం, రెండున్నర గంటల దారి. అయితే అక్కడ నీళ్ళు చాలా దూరం దాకా మోకాళ్ళ లోతే ఉంటాయట. పెద్ద చెట్లు, మంచినీళ్ళ కుళాయి, పసుపు చొక్కా వేసుకుని ఈల పట్టుకుని తిరిగే కాపలా మనిషి ఉన్నారట. ఆమె అక్కడి టీ కొట్టతనికి ఫోన్ చేసి, మరుగుదొడ్డి తలుపుకి గొళ్ళెం పడుతుందా అని కూడా అడిగింది. అతను నవ్వి, మీలాంటి ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా, చూసొచ్చి చెప్తాను ఉండండి అని నిజంగానే వెళ్ళి చూసొచ్చాడు. పడుతుందట. ఆటు పోట్ల వేళలు, చిట్టి నిద్రపోయే వేళ, పెద్దోడికి కారులో కడుపులో తిప్పే వేళ, అన్నీ పక్కపక్కన రాసుకుంది. మూడింటికి నీళ్ళు వెనక్కి తగ్గి నెమ్మదిగా ఉంటాయి. చిట్టి అప్పటికి నిద్ర లేచి, కడుపు నిండి, ఇసుకలో ఆడుకునే మూడ్‌లో ఉంటుంది. మూడు నుంచి మూడున్నర. ఆ అరగంట మీద ఆమె కన్ను పడింది.

భర్తకి చెప్తే, “రెండున్నర గంటలా? అంత దూరం ఎందుకు? పార్కింగ్ ఉందో లేదో కనుక్కున్నావా?” అన్నాడు. కనుక్కుంది. “ఎండ తగలదూ?” అన్నాడు. చెట్లున్నాయంది. ఇంకేమీ దొరక్క, “సరే, నీ ఇష్టం అన్నాను కదా,” అన్నాడు. అత్తగారు పక్కనుంచి, “ఇంత హైరానా దేనికో. మా రోజుల్లో బండెక్కి పోవడమే. పిల్లలూ సామానూ అంతా నేనొక్కదాన్నే చూసుకునేదాన్ని. అలవాటవుతుంది,” అంది. పెద్దోడు పుట్టినప్పుడూ ఆవిడ అదే మాట అంది. ఆరేళ్ళయింది. చార్టమ్మకి అలవాటు కాలేదు, అలసటే అయింది.

సెలవు అడిగితే సూపరింటెండెంటు కళ్ళజోడు పైనుంచి చూశాడు. నలభై రెండు మందికి సెలవులు సర్దే ఆమె తను సెలవు పెడితే ఆ కుర్చీలో కూర్చునే మనిషి లేడు. ఎప్పుడూ లేడు. వచ్చే వారం చార్టు కూడా ముందే వేసి వెళ్ళమన్నాడు. “సముద్రానికే కదా, ఫోన్ దగ్గర పెట్టుకోండి,” అని కూడా అన్నాడు. ఆమె సరేనంది.

గురువారం సాయంత్రం వంట పొయ్యి మీద ఉండగానే సర్దాల్సినవాటి జాబితా రాసింది. పిల్లలకి మూడేసి జతలు. అతనికి రెండు. అత్తగారికి ఒకటి, మోకాళ్ళకి రాసుకునే మందు. టోపీలు, తువ్వాళ్ళు, చాప, నీళ్ళ సీసాలు, బ్రెడ్డు, అరటిపళ్ళు, చిట్టి బొంత, పెద్దోడికి వాంతి సంచులు, దెబ్బలకి పట్టీలు. మొత్తం ముప్పై ఒకటి అయ్యాయి. ఒకసారి చదువుకుంది, రెండోసారి చదువుకుంది. మూడోసారి చదువుతుంటే కనబడింది, అందులో తను లేదు. మళ్ళీ ఒక్క జతా రాసుకోలేదు. పోయిన ఏడాది ప్లాస్టిక్ కవరు మీద కూర్చున్న మనిషి, ఆ అరగంట కోసమే పది రోజులు ఆటు పోట్ల లెక్కలు చూసిన మనిషి, నీళ్ళలో మునిగి లేచాక ఏం కట్టుకోవాలో రాసుకోవడం మర్చిపోయింది. ఈసారి తప్పు మొగుడిది కాదు, అత్తగారిది కాదు. ఆమెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత పొయ్యి ఆర్పేసి వంటింట్లో పీట మీద కూర్చుంది. వాళ్ళు తనను మర్చిపోతున్నారని ఇన్నాళ్ళూ బాధపడింది కానీ, తనే తనను మర్చిపోయేంతగా అలవాటైపోయిందని అప్పుడే తెలిసింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక కావాలి.

శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రిలో అన్నం డబ్బా ముందు పెట్టుకుని, పాడైపోయిన ఒక చార్టు కాగితం వెనక్కి తిప్పి గళ్ళు గీసింది. పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా అరగంటకొక గడి. పనులు: పెద్దోడితో నీళ్ళలో, చిట్టితో, సంచి దగ్గర, తిండి, మరుగుదొడ్డికి తీసుకెళ్ళడం, విశ్రాంతి. ఆస్పత్రి అలవాటు కొద్దీ మనుషులకు నంబర్లు వేసింది. ఒకటో నంబరు మొగుడు, రెండు అత్తగారు, మూడు తను. రోజూ ఎలా జరుగుతుందో అలాగే, ఎవరికీ ఎక్కువా తక్కువా చేయకుండా నింపింది. ఒకటో నంబరుకి రెండు పనులు పడ్డాయి, మిగతాదంతా విశ్రాంతి. మూడో నంబరు వరసలో పన్నెండు గళ్ళూ నిండిపోయి, కొన్నిట్లో రెండేసి పనులు పడ్డాయి.

అప్పుడే పెద్ద వార్డు హెడ్ నర్సు ఏదో మార్పు రాయించడానికి వచ్చి, బల్ల మీది కాగితం తీసి చూసింది. ఆవిడ కన్ను సూటిగా మూడో వరస మీద ఆగింది.

“ఏ వార్డుదమ్మా ఇది? ఈ మూడో నంబరుని విడిపించడానికి రిలీవర్ ఏదీ?”

చార్టమ్మ అన్నం డబ్బా మూత పెట్టేసింది.

“భోజనానికి కూడా వదల్లేదే. ఇలాంటి చార్టు నా వార్డుకి వస్తే చింపి పంపిస్తాను. ఎవరా మనిషి?”

“నేనేనండీ. రేపు సముద్రానికి వెళ్తున్నాం,” అంది చార్టమ్మ.

ఓదార్చడం హెడ్ నర్సు స్వభావం కాదు. బల్ల మీది రబ్బరు తీసి కాగితం మీద పెట్టి, వచ్చిన పని చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె చెరిపి మళ్ళీ వేసింది. ఇరవై నిమిషాలు పట్టింది. నలభై రెండు మందికి వేసిన చెయ్యికి ముగ్గురికి వేయడం ఇంత కష్టమవుతుందని అనుకోలేదు. ప్రతి గడి దగ్గరా ‘పాపం, అతనికి అలవాటు లేదు’ అని చెయ్యి తన వరసలోకే జారేది. మూడు నుంచి మూడున్నర గడి దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి, తన వరసలో ‘నీళ్ళు’ అని రాసింది. ఆ పూట పిల్లల దగ్గర మొగుడు. సంచి దగ్గర అత్తగారు. ఆవిడకి ఎలాగూ మోకాళ్ళ నొప్పులు, కూర్చునే పనే మేలు అనుకుని, పది నుంచి నాలుగు దాకా సంచి గళ్ళన్నీ ఆవిడకే వేసేసింది. చార్టు బ్రహ్మాండంగా కుదిరింది. ఇంటికి తీసుకెళ్ళడానికి మళ్ళీ మంచి కాగితం మీద రాసి, నంబర్లు తీసేసి, పిల్లలకి తెలిసేలా నాన్న, నానమ్మ, అమ్మ అని పెట్టింది.

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే ఫ్రిజ్ మీద అంటించింది. భర్త మంచినీళ్ళ కోసం వచ్చి చూసి నవ్వాడు. “ఇంట్లో కూడా డ్యూటీ చార్టా? మనం విహారానికి వెళ్తున్నామా, డ్యూటీకి వెళ్తున్నామా?”

ఇంకో రోజైతే ఆమె కూడా నవ్వేసి ఊరుకునేదే. కాళ్ళు లాగుతున్నాయి, బస్సులో సీటు దొరకలేదు. “మీరందరూ విహారానికే వెళ్తున్నారండీ. డ్యూటీకి వెళ్తున్నది నేనొక్కదాన్నే. పోయినసారి కూడా అంతే,” అంది. గొంతు పెంచలేదు. అతను సీసా మూత పెట్టి, హాల్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

ఈ మాటలు అత్తగారి చెవిన పడ్డాయి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడింది. వేలు పెట్టి ఒక్కో గడీ చదువుతోంది. చార్టమ్మ ఉల్లిపాయలు తరుగుతూ కాచుకుని ఉంది. కోడలు అత్తని కాపలా పెట్టిందన్న మాట ఇక రానే వస్తుంది, వస్తే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది.

“ఈ అరగంట నువ్వు నీళ్ళలోకి వెళ్తావన్నమాట,” అంది అత్తగారు.

“అవునత్తయ్యా.”

“బాగానే ఉంది. మరి నాదేదీ?”

ఆమెకి అర్థం కాలేదు. “మీకు మోకాళ్ళు నొప్పి కదా అని...”

“నొప్పి మోకాళ్ళకే కదమ్మా. నీళ్ళలోకి రానని నేనెప్పుడన్నాను?” ఆవిడ వేలు ఇంకా నానమ్మ వరస మీదే ఉంది. “పెళ్ళయినప్పట్నుంచి ఎన్నిసార్లు వెళ్ళామో. మీ మామగారున్నప్పుడు ఏటా వెళ్ళేవాళ్ళం. ఆయన, పిల్లలు, ఆడపడుచులు, అందరూ దిగేవాళ్ళు. నాకు సముద్రం అంటే సంచి దగ్గర్నుంచి కనబడేదే. అది కాళ్ళకి తగిలితే ఎలా ఉంటుందో నాకు తెలీదు.”

చార్టమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. పోయిన ఏడాది చిట్టిని ఎత్తుకుని అంచుకి వెళ్తూ, ఏం ఆలోచించకుండా, “అత్తయ్యా, సంచి చూస్తుండండి,” అని తను కూడా అనేసి వెళ్ళింది. ఇవాళ పన్నెండు గళ్ళు ఆవిడకి రాసేటప్పుడు మధ్యాహ్నం హెడ్ నర్సు అడిగిన మాట గంట కూడా గుర్తుండలేదు. తన మెడలోంచి తీసిన బరువు నేల మీద పెట్టడం చేతకాక, పక్కనున్న ఇంకో ఆడమనిషి మెడలో వేసింది. ఆవిడైతే కాదనదని లోపల ఎక్కడో తెలుసు కాబట్టే వేసింది. సిగ్గేసింది ఆమెకి. చేతులు కడుక్కుని వచ్చి కాగితాన్ని ఫ్రిజ్ మీంచి ఊడదీసింది.

“తప్పయిపోయింది అత్తయ్యా. మళ్ళీ వేస్తాను,” అంది.

“నన్ను పట్టుకుని నిలబడాలేమో అని బెంగ పెట్టుకోకు. లోపలికేం రాను. తడి ఇసుకలో కూర్చుంటాను, నీళ్ళే వచ్చి పోతుంటాయి. లేవాలంటే ఆ ఈల అబ్బాయిని పిలుచుకుంటాను. నీ అరగంట నీదే,” అంది అత్తగారు. కోడలిగా ఆ ఇంటికి వచ్చి ఎనిమిదేళ్ళయినా, తనకేం కావాలో ఆవిడ పైకి చెప్పడం చార్టమ్మ ఎప్పుడూ వినలేదు.

ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. చార్టమ్మ చెరుపుతుంటే అత్తగారు రబ్బరు పొడి అరచేత్తో తుడుస్తోంది. మూడు నుంచి మూడున్నర గడిలో అమ్మ వరసలో ‘నీళ్ళు’ అలాగే ఉంది. నానమ్మ వరసలో కూడా ‘నీళ్ళు’ అని రాసింది. ఇక ఒకే వరస మిగిలింది. అందులో ‘పిల్లలు’ అని ముందే ఉంది. దాని పక్కన కాస్త చోటుంది కానీ ఆమె అక్కడ ఏమీ రాయలేదు.

చప్పుడు లేదేమిటా అని భర్త హాల్లోంచి లేచి వచ్చాడు. తల్లి భుజం మీదుగా వంగి కాగితం చదివాడు. ఒకసారి చదివి, మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

“మూడు నుంచి మూడున్నర దాకా మీరిద్దరూ నీళ్ళలోనే ఉంటారా?” అన్నాడు. “మరి ఇద్దరు పిల్లల్నీ, సంచినీ ఒక్క మనిషి ఎలా చూసుకుంటారు?”

వెటకారం కాదు. దెప్పడమూ కాదు. నిజంగానే తెలియక, కాస్త భయంగా అడిగాడు. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో రోజూ జరుగుతున్న పనే అది. దాన్ని ఒక ప్రశ్నగా ఒకరు నోరు తెరిచి అడగడం మాత్రం అదే మొదటిసారి.

“అలవాటవుతుందిలే నాన్నా,” అంది తల్లి.

చార్టమ్మ పెన్సిలు అతని ముందు పెట్టి, తన బట్టల జత వెతుక్కోవడానికి గదిలోకి వెళ్ళింది.